చైన్‌సా బాగుచేయాలంటే ముందు పిస్టన్ చూడాలి

పరాయి దేశంలో చెట్లు కొట్టే పనికొచ్చాక మొదట వింతగా అనిపించింది ఇది: చైన్‌సా మొరాయిస్తే ఎవరూ విప్పి చూడరు. మెకానిక్‌కి గంటల లెక్కన ఇచ్చే కూలీ కంటే కొత్తది కొనడమే నయం అంటారు. అలా తుక్కుకు పోబోతున్న ఒకదాన్ని అడిగి రూముకు తెచ్చుకున్నాను. డ్యూటీ అయ్యాక నా గంటలకు లెక్క కట్టేవాళ్లెవరూ లేరు కదా.

"ముందు శుభ్రంగా కడిగేద్దాం అన్నా" అన్నాడు రూంమేట్. కడగడానికేం, తర్వాతైనా కడగొచ్చు. ముందు సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడాలి. దాని మీద నిలువు గీతలు లోతుగా ఉంటే, ఆయిల్ కలపని పెట్రోల్ పోసి ఉంటారు, లేదా గాలి ఎక్కువై పెట్రోల్ చాలక ఇంజిన్ వేడెక్కి ఉంటుంది. అలాంటిదాని మీద డబ్బు పెట్టడం దండగ. దీని పిస్టన్ నున్నగానే ఉంది. స్టార్టర్ తాడు పట్టుకుని మెషీన్‌ని వేలాడదీస్తే ఆగి ఆగి దిగింది. అంటే సిలిండర్‌లో గాలిని బిగబట్టే పట్టు, కంప్రెషన్, ఉందన్నమాట. సర్రున జారి ఉంటే ఆశ వదులుకోవడమే.

అసలు రోగం పెట్రోల్‌ది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి ట్యాంకులో ఉండిపోతే కార్బ్యురేటర్‌లో జిగురు పేరుకుంటుంది, డయాఫ్రమ్ బిరుసెక్కుతుంది. ఇంజిన్ లోపలి ఒత్తిడి మారినప్పుడల్లా ఆ పల్చటి పొర ఊగుతూ పెట్రోల్‌ని లాగాలి. అది బిగుసుకుపోతే స్టార్టయి వెంటనే ఆగిపోతుంది. డయాఫ్రమ్ కిట్, ట్యాంకులోని ఫిల్టర్, పెట్రోల్ పైపు మూడూ మార్చేశాను. పైపును చాలామంది పట్టించుకోరు గానీ, అది చిట్లితే గాలి పీల్చి మంచి పిస్టన్‌ని కూడా కాల్చేస్తుంది.

చైన్‌కి గుండ్రటి ఆకురాయి చాలు. పిచ్‌ని, అంటే చైన్ లింకుల మధ్య ఎడాన్ని బట్టి 4, 4.8, 5.5 మిల్లీమీటర్ల సైజులుంటాయి. పన్ను కర్రలోకి ఎంత దిగాలో అదుపు చేసే, దాని ముందుండే డెప్త్ గేజ్‌ని మాత్రం ఇష్టమొచ్చినట్టు అరగదీయకూడదు. చాలా చైన్లకు అది పంటి అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందుంటే సరిపోతుంది. ఇంకా తగ్గిస్తే పన్ను కర్రలోకి ఎక్కువగా దిగి, మెషీన్ ముఖం మీదికి ఎగిరే ప్రమాదం పెరుగుతుంది. పదును సరిపోయిందో లేదో పొట్టు చూసి చెప్పొచ్చు: పొడిలా రాలితే ఇంకా రుద్దాలి.

నేను వెనకాడకుండా ఖర్చు పెట్టింది హ్యాండిల్ రబ్బర్ల మీద, చైన్ బ్రేక్ మీద. రంగు జోలికి పోలేదు. మెషీన్ అదురు చేతులకు తగలకుండా ఆపేవి ఆ రబ్బర్లే; అవి అరిగిపోయినా ఏళ్ల తరబడి అలాగే పనిచేస్తే వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. ఇక్కడ నా చేతులే నా జీతం.

మాన్యువల్ చెప్పినట్టు 50:1 పాళ్లలో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి స్టార్ట్ చేశాను. ఇంజిన్ వేడెక్కాక, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పుడు, చైన్ కదలకుండా నిలిచేదాకా ఐడిల్ స్క్రూ తిప్పాను. సైట్‌లో సొంత మెషీన్లు ఒప్పుకోరు కాబట్టి ఇది ఇంటి పనులకే. వాడనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోల్ అయిపోయేదాకా నడిపి పెడుతున్నాను.