మా కొయిర్‌కి 3 ఏళ్ల ప్లాను

కతోలిక విచారణ (పారిష్) గాయక బృందం మూగబోయేది గొంతులు లేక కాదు. కీబోర్డు వాయించే ఒక్క కుర్రాడు ఇంజనీరింగ్‌కి ఊరు దాటినప్పుడు! కాబట్టి రెండోవాళ్లను ఇప్పుడే తయారుచేయాలి. ప్రాక్టీసులో వాయిస్తే సరిపోదు, నెలకో ఆదివారమైనా గుడిలో దివ్యబలి పూజలోనే కూర్చోబెట్టాలి.

ఆదివారం పూజలో చదివే బైబిలు పఠనాలు ఏ, బి, సి అని 3 సంవత్సరాల చక్రంగా తిరుగుతాయి. మొదటి పఠనం తర్వాత జనం పల్లవి అందుకునే ప్రతివచన కీర్తనలకు 3 ఏళ్ల ఫైలు ఒకసారి కడితే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. ప్రతి పేజీలో అసలు శ్రుతి రాయండి. "ట్రాన్స్‌పోజ్ ప్లస్ 2" (కీబోర్డులో శ్రుతి పెంచే సెట్టింగు) అని గుర్తుపెట్టుకున్నది మనిషి మారగానే పోతుంది.

పూజలో అందరూ పాడే "పరిశుద్ధుడు" పాటకి ఏడాదికి రెండు బాణీలు చాలు. వారంవారం మారిస్తే జనం పాడరు, చూస్తారంతే.

ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో అల్లెలూయ ఉండదు. 4వ ఆదివారం, మహోత్సవాలు, పండుగలు తప్ప వాయిద్యం పాటకు ఆసరా మాత్రమే. రిథమ్ ప్యాడ్ లేకుండా తాళం నిలబెట్టడం పిల్లలకు అప్పుడే నేర్పాలి.