నాలుగో ఫుల్ ట్యాంకు: 17.1

నిన్న రాత్రి విశాఖ మద్దిలపాలెంలో ఫుల్ ట్యాంకు కొట్టించాను. 438 కిలోమీటర్లకు 25.6 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 17.1. మొదటి ట్యాంకుకు 14.8 వచ్చింది. అదే పెట్రోలు కారు, అదే గాజువాక–మధురవాడ దారి, అదే ఆఫీసు టైము. భలే సంతోషంగా ఉంది.

డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీతో నేను లెక్క కట్టడం లేదు. ప్రతిసారీ ఒకే బంకుకు వెళ్తాను. నాజిల్ మొదటిసారి కట్ కాగానే ఆపించి, ట్రిప్ మీటరు సున్నా చేస్తాను. రెండో ట్యాంకప్పుడు నేను ఫోనులో ఉండగా రౌండ్ ఫిగర్ కోసమని ఇంకాస్త కొట్టేశారు. అలా జరిగితే ఆ ట్యాంకు మైలేజీ తక్కువగా, తర్వాతి ట్యాంకుది ఎక్కువగా కనబడుతుంది. అందుకే రెండు, మూడు కలిపి లెక్క వేశాను: 16.1.

మైలేజీ పెంచడానికి చేసిన మొదటి మార్పు టైర్లలో గాలి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద 33 అని ఉంది. నా టైర్లలో 27 ఉంది! ఇప్పుడు పదిహేను రోజులకోసారి, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు చూస్తున్నాను.

అసలు తేడా మాత్రం కుడికాలుతో వచ్చింది. ముందు సిగ్నల్ ఎర్రగా కనబడితే ఇదివరకు దాని దాకా వెళ్లి బ్రేకు కొట్టేవాణ్ణి. ఇప్పుడు దూరం నుంచే యాక్సిలరేటర్ వదిలేస్తున్నాను, గేరు మాత్రం తీయను. ఎండాడ దిగుడులో నాన్న ఎప్పుడూ న్యూట్రల్ చేసేవారు. కార్బ్యురేటర్ బళ్ల రోజుల్లో అలవాటైన పద్ధతి అది. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉంచి కాలు తీసేస్తే లోపలికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉండాలి. అదే దిగుడులో రెండు రకాలుగానూ దిగి చూశాను. గేరులో ఉన్నప్పుడు ఇంజిన్ వేగం చూపించే ఆర్‌పీఎమ్ ముల్లు 1600 దగ్గర ఉన్నా, అప్పటికప్పుడు మైలేజీ చూపించే గీత చివరంటా వెళ్లి నిలబడింది. న్యూట్రల్‌లో ముల్లు 800కి పడింది కానీ గీత మాత్రం వెనక్కి వచ్చేసింది. పైగా ఇంజిన్ పట్టు లేక బండి జారిపోతున్నట్టు అనిపించింది. దిగుడులో న్యూట్రల్ చెయ్యొద్దని నాన్నకు కూడా చెప్పాను. ఆయనకి ఇంకా నమ్మకం కుదరలేదు, ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాను.

గేర్లు 2000 ఆర్‌పీఎమ్ దాటకుండా మారుస్తున్నాను, ఇంజిన్ గుర్రుమంటే మాత్రం కిందికి దించేస్తాను. ఎన్‌ఏడీ జంక్షన్ వైపు అర నిమిషం మించి ఆగాల్సి వస్తే, బండి పూర్తిగా నిలిచాకే ఆఫ్ చేస్తున్నాను.

లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 14.8కీ 17.1కీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు 9 లీటర్లు మిగులుతాయి, అంటే ఇరవై కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే. స్కూలు బస్సుల పక్కన సిగ్నల్లో నిలబడినప్పుడు ఈ అంకె గుర్తొస్తుంది నాకు.

ఐదో ట్యాంకులో ఒక్క మార్పే: డిక్కీలో ఏడాదిగా మోస్తున్న పాత ఇన్వర్టర్ బ్యాటరీ దించేశాను. పొద్దుటికి ట్రిప్ మీటరు 31.