గోవా బీచ్‌లో సగం తల జడలతో కూర్చున్న నా అనుభవం

కలంగూట్ బీచ్‌లో చాప పరుచుకుని కూర్చున్న రెండు నిమిషాలకే ఎవరో ఒకరు వచ్చేస్తారు, పూసల దండలోళ్లు, టాటూలోళ్లు, పండ్ల ముక్కలోళ్లు, వాళ్లతో పాటు జడలు వేసే ఆడవాళ్లు కూడా, అట్టముక్కకి రంగురంగుల దారాలు చుట్టుకుని ఫొటోల ఆల్బమ్ ఒకటి పట్టుకుని. జనవరిలో నేను, మా చెల్లి వెళ్లినప్పుడు మొదటిరోజు వద్దు వద్దని పంపించేశా, రెండోరోజు చెల్లి ఎగదోస్తే సరే అన్నా.

"కిత్నా" అంటే "పచాస్" అంది. తల మొత్తానికి యాభయ్యే అనుకుని బేరం కూడా ఆడలేదు నేను. హైదరాబాద్ పార్లర్‌లో ఉత్త హెయిర్‌వాష్‌కి ఎంత తీసుకుంటారో తెలిసినదాన్నే, ఆ మాత్రం అనుమానం రావద్దా! ఒక్క తెలివైన పని ఏంటంటే, ఆమె దువ్వెన పొద్దున్నుంచి ఎన్ని తలల్లో తిరిగిందో అని నా దువ్వెన తీసిచ్చా.

వేసే పద్ధతి మాత్రం చూడాల్సిందే. మన మూడు పాయల జడే, కానీ నుదుటి దగ్గర చిటికెడు వెంట్రుకలతో మొదలుపెట్టి, ఒక్కో మెలికకి పక్కనుంచి కొంచెం కొంచెం కలుపుకుంటూ మాడుకి అంటుకునేలా వెనక్కి తీసుకెళ్తుంది, దారం ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, మధ్యలో దాన్ని కూడా పాయలో కలిపేస్తుంది, చివర పూస ఎక్కించి చిన్న రబ్బరు బ్యాండు. ఒక్కో జడకి మూడు నాలుగు నిమిషాలు. నొప్పి? కణతల దగ్గర కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆరో జడ అయ్యాక ఇంకెన్ని అని అడిగితే "ఉన్నీస్ ఔర్" అంది. అప్పుడు వెలిగింది, యాభై ఒక్కో జడకి! ఇరవై ఐదు జడలు, 1250 రూపాయలు. లేచిపోదామా అంటే ఎడమ పక్క సన్న జడలు, కుడి పక్క గాలికి లేచిన పొద, ఆ అవతారంతో ఎవరు బేరం ఆడతారు?

ఈలోపు ఆమె పక్కనున్న పిల్లతో మాట్లాడుతుంటే "యాడీ" అన్న మాట వినపడింది. మా అమ్మమ్మ వాళ్లది దేవరకొండ దగ్గర, చుట్టూ తండాలే, లంబాడీలు అమ్మని యాడి అంటారని చిన్నప్పటి నుంచీ తెలుసు. "తండానా మీది?" అనగానే చేతులు ఆగిపోయాయి. కర్ణాటకలో గదగ్ దగ్గర తండా అంట, సీజన్ ఉన్నన్నాళ్లు ఇక్కడ, వానలు పడితే ఊరు. మా వైపు ఎప్పుడైనా వచ్చావా అంటే గుత్తి దగ్గర సేవాగఢ్‌కి వచ్చానంది, లంబాడీల గురువు సేవాలాల్ మహారాజ్ పుట్టిన చోటు కదా. అక్కడి నుంచి నేను అక్కా అనడం, ఆమె హిందీలో కన్నడం కలిపేయడం. 1250 కాస్తా 800 అయింది, ఇంకా దిగలేదు, నేనూ లాగలేదు.

పదిహేనో జడ దగ్గర ఎవరో ఈల వేశారు. బీచ్‌లో ఇలా తిరిగి అమ్మడానికి అనుమతి లేదు, జీపు కనపడితే సరుకు పట్టుకుపోతారు. "ఇదర్ హీ బైఠ్" అని దారాలు సంచిలో కుక్కుకుని అక్క మాయం. ఇరవై నిమిషాలు నేను అలాగే కూర్చున్నా, సగం వేసిన జడ విడిపోకుండా వేళ్లతో పట్టుకుని, మా చెల్లి ఫొటోలు తీస్తూ నవ్వడం. డబ్బులు ఇంకా ఇవ్వలేదు కాబట్టి వస్తుందిలే అన్న ధైర్యం ఒక్కటే. చివరికి ఒడ్డుకి లాగిపెట్టిన పడవ వెనక నుంచి చెయ్యి ఊపింది, మిగతా పది జడలూ ఆ పడవ చాటునే, వల వాసనలో.

తర్వాత సంగతి ఎవరూ చెప్పరు. ముఖానికీ చేతులకీ సన్‌స్క్రీన్ పూసుకున్నా గానీ పాతిక పాపిళ్లు ఎండకి బయటపడ్డాయని తట్టలేదు, సాయంత్రానికి ఎర్రగా కమిలిపోయి దిండు మీద తల పెట్టలేకపోయా. కణత దగ్గర రెండు జడల మొదట్లో చిన్న పొక్కులు వచ్చాయి, అంటే బిగుతు ఎక్కువైనట్టే, ఆ రాత్రే ఆ రెండూ విప్పేశా. అలాగే ఉంచేస్తే కుదుళ్లు లాగి లాగి అక్కడ జుట్టు పలచబడుతుంది. ఉప్పునీళ్లకీ ఇసుకకీ దురద ఒకటి, దానికి షాంపూ నీళ్లలో కలిపి బాటిల్‌తో పాపిళ్ల మీదే పోసుకుని, వేళ్ల కొసలతో మెల్లగా రుద్ది, బాగా ఆరబెట్టుకున్నా. తడి ఉండిపోతే కంపు.

ఆరోరోజు ఇంట్లో విప్పడం. అమ్మ కొబ్బరినూనె పట్టించి కొసల నుంచి పైకి విప్పుకుంటూ వచ్చింది, ఊడిన వెంట్రుకలు పిడికెడు వచ్చేసరికి ఇద్దరం బెదిరిపోయాం. తర్వాత ఆలోచిస్తే రోజూ ఎలాగూ యాభై నుంచి వంద దాకా ఊడతాయి, ఆరు రోజులవి జడల్లోనే ఇరుక్కుని ఒకేసారి బయటపడ్డాయి, అంతే. చిక్కు తీద్దాం నీ దువ్వెన తే అంది అమ్మ. బ్యాగంతా తిరగేశా, ఎక్కడ దొరుకుతుంది, అది గోవాలో అక్క సంచిలోనే ఉండిపోయింది.