ఏ బ్యాలెట్ ఇమ్మంటారు?

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మేముండే మాడిసన్‌లో మా పోలింగు ఓ చర్చిలో. 2022 మే 24న గవర్నరు ప్రైమరీకి, అంటే నవంబరు ఎన్నికకి ఒక్కో పార్టీ తన అభ్యర్థిని తేల్చుకునే ముందు ఎన్నికకి, పద్నాలుగేళ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకెళ్లాను. పౌరసత్వం వచ్చాక నా మొదటి ఓటు. బల్ల దగ్గర పెద్దావిడ నా లైసెన్సు చూసి, నవ్వుతూ అడిగింది: "రిపబ్లికన్ బ్యాలెట్టా, డెమొక్రాటిక్‌దా?"

నోరు పెగల్లేదు. వెనక వరసలో మా వీధివాళ్లున్నారు. తెనాలిలో మా నాన్న ఓటేసొచ్చి వేలి మీద సిరా చూపించేవాడే గానీ, ఏ గుర్తుకి వేశాడో అమ్మక్కూడా చెప్పేవాడు కాదు. అలాంటి ఇంట్లో పెరిగి, నలుగురిలో పార్టీ పేరు పైకి చెప్పడమా! అలా అడగడం నాకిప్పటికీ నచ్చదు. మెల్లిగా "రిపబ్లికన్" అన్నాను. అమ్మాయి చటుక్కున నా మొహంలోకి చూసింది.

కారెక్కగానే మొదలెట్టింది. "అమ్మా, మనం ఆ పార్టీ కాదు కదా! అబద్ధం చెప్పావా?"

కాదమ్మా అన్నాను. ఇక్కడ ఓటరు ఏ పార్టీలోనూ నమోదు కానక్కర్లేదు, రెంటిలో ఏ బ్యాలెట్టయినా అడగొచ్చు. 2002 నుంచీ గెలిచిన గవర్నర్లంతా రిపబ్లికన్లే. ఎవరు గవర్నరో ప్రైమరీలోనే తేలిపోతుంది. ఆ రోజు రిపబ్లికన్ ప్రైమరీలో అప్పటికే గవర్నరుగా ఉన్న కే ఐవీకి సగం పైన ఓట్లొచ్చాయి, రెండో విడత అవసరమే పడలేదు. నవంబరులో దాదాపు 67 శాతంతో గెలిచింది.

తనకి మింగుడు పడలేదు. ఓడినా సరే, మనకి నచ్చినవాళ్లకే వెయ్యాలంటుంది. అది తప్పని నేననను. కానీ ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ రాష్ట్రం పాత సంగతి చెప్పాను. అప్పట్లో ఇక్కడ ఏలిన ఒకే పార్టీ డెమొక్రాట్లు. 1962 నవంబరు గవర్నరు ఎన్నికలో డెమొక్రాట్ జార్జి వాలెస్ మీద రిపబ్లికన్లు మనిషినే నిలబెట్టలేదు. అసలు ఎన్నిక ప్రైమరీయే. అందుకే దక్షిణాదిలో దాన్ని తెల్లవాళ్లకే అట్టిపెట్టుకున్నారు, 1944లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. ఆ తర్వాతా పోల్ ట్యాక్స్ అనే ఓటు పన్నునీ, అక్షరాస్యత పరీక్షలనీ నల్లజాతివాళ్లని గుమ్మంలోనే ఆపారు. "వాళ్లు అంత కొట్లాడి తెరిపించిన తలుపు. నేను బయట నిలబడనా?" అన్నాను.

అన్నం కలుపుతూ కాసేపు ఊరుకుంది. "మరి వేసేముందు వాళ్లందరి గురించీ చదివావా?"

ముగ్గురి గురించి చదివాను. మిగతావాళ్ల పేర్లు బ్యాలెట్ మీదే మొదటిసారి చూశాను. అదే చెప్పాను.

ఇప్పుడు తనకి పద్దెనిమిది నిండాయి. ఫ్రిజ్ తలుపు మీద అభ్యర్థికో కాగితం అంటించింది, రెండు పార్టీలవాళ్లవీ. ఏ బ్యాలెట్ అడుగుతుందో నాకు మాత్రం చెప్పట్లేదు. అచ్చం మా నాన్న పోలిక.