అడ్వాన్సులో మిగిలినది

పోయిన నెల 28న మేము చెన్నైలోని సైదాపేట ఇల్లు ఖాళీ చేశాం. తొమ్మిదేళ్లు కాపురం ఉన్న ఇల్లు. తాళాలు అప్పగించిన సాయంత్రం ఇంటి యజమాని నా చేతిలో పెట్టిన కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది. పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో, పొందికైన దస్తూరితో రాసిన లెక్క అది. అడ్వాన్సు 1,50,000. పెయింటింగుకు ఒక నెల అద్దె, 24,000. వంటింటి కుళాయి 650. సంపు కడిగించినందుకు మా వాటా 800. సబ్‌మీటరు ప్రకారం కరెంటు 212 యూనిట్లు, యూనిట్‌కు 9 రూపాయల చొప్పున 1,908. మిగిలినది 1,22,642.

కూడికలోనూ తీసివేతలోనూ తప్పేమీ లేదు, నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆ లక్షన్నర తొమ్మిదేళ్ల పాటు వడ్డీ లేకుండా ఆయన దగ్గర ఉన్నదన్న సంగతి మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు, ఉండాలని ఆయనా అనుకోలేదు, నేనూ అడగలేదు. చెన్నైలో అద్దెకుండేవాళ్లెవరూ అది అడగరు. పెయింటింగు మాట కూడా అంతే. వెళ్లేవారి సొమ్ముతో గోడలకు రంగు వేయించి, ఆ కొత్త రంగు చూపించి వచ్చేవారికి అద్దె పెంచడం ఈ ఊళ్లో ఇప్పుడు ఆచారంగా స్థిరపడింది.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తమిళనాడు ప్రభుత్వం 2016 నుంచి గృహ వినియోగదారులకు రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితంగా ఇస్తోంది. అయితే ఆ ఉచితం వెళ్లేది కనెక్షనుకు, కాపురానికి కాదు. మా ఇంట్లో మూడు పోర్షన్లకు కలిపి కనెక్షను ఒక్కటే, అది యజమాని పేరు మీద ఉంది, మిగతా లెక్కంతా మెట్ల కింద వరసగా బిగించిన సబ్‌మీటర్లది. ఆ 100 యూనిట్లు మెట్ల దగ్గర ఆగిపోయేవి, మా దాకా వచ్చేవి కావు. ఇందులో యజమానిది పూర్తి లాభమని అనలేను. మూడు కాపురాల వాడకం ఒకే బిల్లులో పడేసరికి ఆయన పై శ్లాబులోకి వెళతాడు, పై శ్లాబులో యూనిట్ రేటూ ఎక్కువే. పేదవాడికి, మధ్యతరగతివాడికి ఇచ్చామని ప్రభుత్వం చెప్పుకొనే సాయం అద్దె ఇంట్లోకి రావాలంటే ముందు యజమాని గడప దాటాలి. దాటేటప్పుడు అది ఎంత తరిగిపోతుందో మా మెట్ల కింద తొమ్మిదేళ్లు చూశాను.

కొత్త ఇంటి కోసం రెండు నెలలు తిరిగాం. టులెట్ బోర్డు చూసి ఫోను చేస్తే ఎత్తేది చాలా చోట్ల బ్రోకరే, అతనికి ఒక నెల అద్దె ముందే రాసి పెట్టుకోవాలి. వెస్ట్ మాంబళంలో ఒక పెద్దావిడ తమిళంలో మాంసాహారం తింటామా అని అడిగి, మా సమాధానం వినగానే లోపలికి వెళ్లిపోయారు. మరో చోట యజమాని తెలుగువారే. మా మాట విని ఆయన ముఖం విప్పారింది, కాఫీ కూడా ఇచ్చారు, గ్లాసు కింద పెట్టేలోగా "ఇంతకీ మీరేమిట్లు?" అని కులం అడిగారు. పరాయి ఊళ్లో సొంత భాష వినబడితే కలిగే సంతోషానికి ఆయుష్షు ఎంతో అప్పుడు తెలిసింది. చివరికి కుదిరిన ఇల్లు పాతదానికంటే చిన్నది, అద్దె 31,000, అడ్వాన్సు ఆరు నెలలది. అగ్రిమెంటు యథాప్రకారం పదకొండు నెలలకు. ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి, దేశమంతటా అద్దె ఇళ్లలో సంవత్సరానికి పదకొండే నెలలు.

చట్టం లేదా అంటే, ఉంది. తమిళనాడులో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టాన్ని తీసేసి, 2017లో చేసిన కొత్త చట్టాన్ని 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి తెచ్చారు. దాని ప్రకారం ప్రతి అద్దె ఒప్పందమూ రాతపూర్వకంగా ఉండాలి, అద్దెల అధికారి దగ్గర నమోదు కావాలి, అడ్వాన్సు మూడు నెలల అద్దె మించకూడదు. ఆ మూడు నెలల నిబంధనకు ముందు "వేరే విధంగా ఒప్పందం ఉంటే తప్ప" అనే మాట కూడా ఉంది. ఇల్లు కావలసినవాడు, ఇల్లు ఉన్నవాడు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆ వేరే ఒప్పందం ఎవరి ఇష్టప్రకారం కుదురుతుందో చెప్పడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు. పాత చట్టం కూడా గొప్పదేమీ కాదు. అద్దె పెంచలేక, మనిషిని ఖాళీ చేయించలేక, ఇళ్లు తాళం వేసి ఉంచుకున్నవాళ్లను మాంబళంలో, మైలాపూరులో నేను ఎరుగుదును.

ఇంకొక నిజం కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ రాతలో నిజాయితీ ఉండదు. నెల్లూరులో మా నాన్నగారు కట్టిన ఇంట్లో కింది పోర్షను అద్దెకు ఇచ్చాం, కాబట్టి నేనూ ఓనరునే. అక్కడి వ్యవహారం మా తమ్ముడు చూసుకుంటాడు. ఆ అద్దె మీదే మా అమ్మ మందులు నడుస్తాయి. సైదాపేట యజమానికీ అంతే, రిటైరైన మనిషి, పింఛను లేదు, ఆ మూడు పోర్షన్లే ఆయన జీవనాధారం. అందువల్ల ఈ చిక్కుకు యజమానుల దురాశ ఒక్కటే కారణమని చెబితే నాకే నమ్మకం కుదరదు. ఆయనతో బేరమాడగలిగే మూడో మనిషి ఒకప్పుడు ఈ ఊళ్లో ఉండేవాడు. ప్రభుత్వమే ఆ మనిషి.

మేము ఇల్లు వెతికిన వీధుల్లో సీఐటీ నగర్ కూడా ఉంది. ఆ మూడక్షరాలు ఏదో కాలేజీవని మా అబ్బాయి అనుకున్నాడు. అవి 1940ల్లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టువి. ఆ ట్రస్టు పని తర్వాత 1961లో పుట్టిన తమిళనాడు హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. ఈ రోజు కోట్లు పలుకుతున్న అశోక్ నగర్, కె.కె. నగర్, అణ్ణా నగర్, బీసెంట్ నగర్ ప్రాంతాలను లేఔట్లు వేసి, స్థలాలు పంచి, ఫ్లాట్లు కట్టి ఊరుగా చేసింది ఆ బోర్డే. తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం, ఎక్కువ ఆదాయం అని మూడు తరగతులుగా దరఖాస్తులు తీసుకుని, కులుక్కల్, అంటే లాటరీ, వేసేవారు. మా మేనమామ గుమస్తా ఉద్యోగం చేస్తూ 1970ల చివర్లో కె.కె. నగర్‌లో అలా ఒక ఫ్లాటు సంపాదించాడు. కులుక్కల్‌లో పేరు వచ్చిన నాడు పానగల్ పార్కు దగ్గర మిఠాయి కొని, పొట్లం పట్టుకుని ఇంటికి నడిచి వచ్చాడట. ఈనాడు అదే జీతపు వరసలో ఉన్న గుమస్తా అదే వీధిలో ఇల్లు కొనడం మాట అటుంచి, మా మేనమామ ఫ్లాటును అద్దెకు తీసుకోవడం కూడా కష్టమే.

పేదల ఇళ్ల కథ మరింత పొడవైనది. 1970లో కరుణానిధి ప్రభుత్వం గుడిసె మార్పిడి బోర్డును స్థాపించింది. "పేదవాడి నవ్వులో దేవుణ్ణి చూద్దాం" అన్నది దాని నినాదం. మరుసటి ఏడాది వచ్చిన చట్టం కింద చెన్నైలో 1,202 మురికివాడలను గుర్తించారు. 1985లో మరో 17 చేర్చారు. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా ఆ జాబితాలో ఒక్క పేరు చేరలేదు. ఊరు పెరిగింది, వాడలు పెరిగాయి, జాబితా మాత్రం అక్కడే ఆగింది. జాబితాలో లేని వాడకు ఆ చట్టం ఇచ్చే రక్షణ ఉండదు. మొదటి పదేళ్లలో బోర్డు చేసిన పని గుడిసెలున్న చోటనే మూడు, నాలుగు అంతస్తుల ఇళ్లు కట్టి, అక్కడివారికే ఇవ్వడం. ఒక గది, వంటకు ఓ మూల, నడవలో అందరి బట్టలూ. అందంగా ఉండేవి కావు, నిర్వహణ సరిగా లేక చాలా వరకు పాడయ్యాయి. 2021 డిసెంబరులో తిరువొత్తియూరులో 24 ఇళ్లున్న ఒక బ్లాకు కుప్పకూలింది, పగుళ్లు చూసి జనం ముందే బయటకు రాబట్టి ప్రాణాలు దక్కాయి. అయినా ఆ ఇళ్లకు ఏ కొత్త కాలనీకీ లేని ఒక గుణం ఉంది. అవి పని దగ్గర ఉన్నాయి.

1977లో ప్రపంచ బ్యాంకు అప్పుతో పద్ధతి మారింది. ఇల్లు కట్టి అద్దెకివ్వడం ప్రభుత్వానికి మోయలేని భారమని, చిన్న స్థలమూ నీళ్లూ రోడ్డూ ఇచ్చి, వాయిదాల్లో డబ్బు రాబట్టుకుని, కట్టుకోవడం వాళ్లకే వదిలేయాలని అన్నారు. అరుంబాక్కం, విల్లివాక్కం, కొడుంగైయూరు అలా వచ్చినవే. నిజానికి ఆ పథకం నాకు నచ్చుతుంది. ఆ స్థలాల్లో జనం ఉన్నకొద్దీ అంతస్తులు వేసుకున్నారు, పై గది అద్దెకిచ్చారు. ఈ ఊళ్లో కొద్దో గొప్పో అందుబాటు అద్దెకు దొరికే గదుల్లో అవీ కొన్ని. అంటే ప్రభుత్వం తాను ఇంటి యజమానిగా ఉండడం మానుకుని, చిన్న యజమానులను తయారుచేసింది.

2000 సంవత్సరం నాటికి ఆ ఓపిక కూడా పోయింది. నగరం నడుమ స్థలానికి విలువ పెరిగేకొద్దీ ఇళ్లు దక్షిణాన చిత్తడి నేలల వైపు జరిగాయి: ముందు కణ్ణగి నగర్, తర్వాత సెమ్మంజేరి, ఆ పైన ఎనిమిదేసి అంతస్తుల పెరుంబాక్కం. కాబట్టి ప్రభుత్వం ఇళ్లు కట్టడం మానేసిందంటే అబద్ధమవుతుంది. వేల సంఖ్యలో కట్టింది. 2021లో బోర్డు పేరులోంచి గుడిసె అన్న మాట తీసేసి, పట్టణ ఆవాస అభివృద్ధి అని కూడా మార్చింది.

మా ఇంట్లో పని చేసే ఆవిడ కథ ఇక్కడ చెప్పాలి. ఈ నగరంలో వీధులు ఊడ్చేవారిలో చాలామంది కొన్ని తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే. ఆవిడ తల్లిదండ్రులూ అదే పని చేశారు. అడయారు నది ఒడ్డున సైదాపేటలో పుట్టి పెరిగింది. 2015 డిసెంబరు వరదల తర్వాత ఆ ఒడ్డు ఖాళీ చేయించినప్పుడు, ఆమెకు ఊరి చివర అలాంటి ఒక కాలనీలో, ఆరో అంతస్తులో ఇల్లు ఇచ్చారు. నేను ఒకసారి వెళ్లి చూశాను. గుడిసెతో పోలిస్తే ఎంతో పెద్దది, పడక గది ఉంది, సొంత స్నానాల గది ఉంది, కిటికీలోంచి గాలి ధారాళంగా వస్తుంది. "ఇల్లు బాగానే ఉండాది అన్నా, పనే లేదు" అన్నదామె. నాలుగిళ్లలో పాచిపని సైదాపేటలో, పిల్లల బడి సైదాపేటలో, మొదటి బస్సు ఎక్కినా పొద్దున ఆరింటికి మా ఇంట్లో ఉండడం కుదరదు. రెండేళ్లు ప్రయత్నించి, రెండిళ్ల పని పోగొట్టుకుని, చివరికి ఆ ఇంటికి తాళం వేసి సైదాపేటకే వచ్చింది. ఇప్పుడు ఉండేది పదడుగుల గది. అద్దె 6,500, అడ్వాన్సు 40,000, స్నానాల గది నాలుగు కాపురాలకు ఒకటి, కరెంటుకు సబ్‌మీటరు, యూనిట్‌కు 10 రూపాయలు. నాకంటే ఒక రూపాయి ఎక్కువ.

ఆ 40,000 వడ్డీకి తెచ్చినది. సర్కారు ఇచ్చిన ఇల్లు చేతిలో ఉన్న మనిషి, అప్పు చేసి ప్రైవేటు యజమాని గదిలో ఉంటోంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో 1.1 కోట్లకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తేలింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వ నిపుణుల బృందం 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందనీ, అందులో నూటికి 95 పాళ్లకు పైగా పేదలకూ అల్పాదాయులకూ సంబంధించినదేననీ లెక్క కట్టింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఎలా ఇముడుతాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆవిడ తాళంచెవి కొంగున ముడివేసుకుని మా వంటింట్లో గిన్నెలు తోముతుంటే చూశాక అర్థమైంది.

కేంద్రం 2020లో ఖాళీగా పడి ఉన్న సర్కారు ఇళ్లను వలస కార్మికులకు అద్దెకిచ్చే పథకం ఒకటి ప్రకటించింది. ఆలోచన మంచిదే, కానీ ఆ ఇళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. పని దొరికే చోట, ఊరి నడుమ, సర్కారు స్థలంలో, అమ్మకుండా అద్దెకే ఇచ్చే ఇళ్లు కొన్ని ఉన్నా సైదాపేట గది అద్దె మీద వాటి బరువు పడి అది కొంత తగ్గేది. పాత క్వార్టర్లు కూల్చిన చోట ఖరీదైన ఫ్లాట్లు కట్టి అమ్మితే ఆ బరువు మరి రాదు.

నెల్లూరు ఇంట్లో అద్దెకున్నవారు వచ్చే నెల ఖాళీ చేస్తామని కబురు చేశారు. వాళ్లు ఇచ్చిన అడ్వాన్సులోంచి పెయింటింగుకు ఏమీ పట్టుకోవద్దని మా తమ్ముడికి ఫోనులో చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "ఊళ్లో అందరూ పట్టుకుంటున్నారన్నయ్యా, గోడలు నువ్వొచ్చి చూడు, అప్పుడు చెప్పు" అన్నాడు. వచ్చే ఆదివారం పినాకినికి టికెట్టు తీసుకున్నాను.