మెల్డ్ స్కోరుకు అందని చేతులు

ఆంధ్ర మెడికల్ కాలేజీలో మా బ్యాచ్‌కు లివర్ జబ్బు అంటే ఏమిటో నేర్పినవి కె.జి.హెచ్. మెడిసిన్ వార్డులే. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్లు. చాలామంది బాగా ముదిరాకే వచ్చేవాళ్లు. "కడుపు బండలాగైపోనాది బాబూ" అంటున్నా, మా మేడమ్ గారు మమ్మల్ని ముందు పొట్ట ముట్టుకోనిచ్చేవారు కాదు. "చేతులు చూడండి" అనేవారు. అరచేతుల ఎరుపు, గోళ్ల తెలుపు, చేతులు చాచి మణికట్లు వెనక్కి వంచమన్నప్పుడు వచ్చే అదురు చూడాలి. ఆఖర్న, భుజం కింద కండ ఎంత మిగిలిందో వేళ్లతో పట్టి చూడాలి. పొట్టమీద తట్టి నీరు ఎక్కడిదాకా ఉందో చెప్పడం ఆ తరవాతే.

జబ్బు తీవ్రతకు అప్పట్లో మా కొలత ఛైల్డ్-ప్యూ స్కోరు. దాని అయిదు అంశాల్లో రెండు, అంటే పొట్టలో నీరు, మనిషి మగతగా ఉండటం, చూసే డాక్టరు అంచనాను బట్టి మారేవి. ఒకరికి కొద్దిగా అనిపించిన నీరు ఇంకొకరికి బాగా అనిపించేది. వార్డులో దానివల్ల పెద్ద నష్టం లేదు. ఒక్క లివర్ కోసం పదిమంది ఎదురుచూసేచోట మాత్రం అది ప్రాణాల మీదికి వస్తుంది.

ఆ చిక్కు విప్పినవారిలో ముఖ్యులు డాక్టర్ పాట్రిక్ కామత్. బెంగళూరు సెయింట్ జాన్స్‌లో చదివి అమెరికాలో మేయో క్లినిక్‌కు వెళ్లినవారు. మెడ నరం గుండా లివర్‌లో, అక్కడి రక్తపు ఒత్తిడి తగ్గించే టిప్స్ గొట్టం అమర్చాక ఎవరు మూడు నెలలు దాటి బతుకుతారో చెప్పడానికి అక్కడి బృందం 2000లో ఒక లెక్క కట్టింది. అదే మెల్డ్, అంటే ముదిరిన లివర్ జబ్బుకు కొలత అయింది. కామెర్లు చెప్పే బిలిరుబిన్, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్, మొదట్లో ఈ మూడు రక్తపరీక్షల నుంచే 6 నుంచి 40 దాకా ఒక అంకె వచ్చేది. అంకె ఎంత పెద్దదైతే ప్రాణానికి అంత ముప్పు. 2002 ఫిబ్రవరి నుంచి అమెరికాలో లివర్ ఎవరికి ముందు ఇవ్వాలో ఆ అంకే చెబుతోంది. ఎన్నాళ్లుగా లైన్లో ఉన్నారన్నది వెనక్కిపోయి, ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందన్నది ముందుకొచ్చింది. మా రంగంలో ఇంత న్యాయమైన పని మరొకటి జరగలేదని నా నమ్మకం.

అయినా ఒక లోటుంది. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. కండ కరిగిపోయినవాళ్లకు కిడ్నీలు దెబ్బతింటున్నా దాని అంకె పెద్దగా పెరగదు. నేను లివర్ మార్పిడి విభాగంలో చేరాక, భీమిలి వైపు చేపలమ్ముకుని బతికే ఒకావిడ మా దగ్గరికి వచ్చేది. భుజం నా గుప్పిట్లో ఇమిడిపోయేది. ఆమె క్రియాటినిన్ 0.4 నుంచి 0.9కి చేరింది. రెట్టింపు దాటింది కదా! ల్యాబ్ కాగితం మీద అది నార్మలే. మెల్డ్ లెక్కలో 1 కంటే తక్కువ ఎంతున్నా 1 గానే తీసుకుంటారు కాబట్టి, ఈ మార్పు ఆమె స్కోరులో ఒక్క పాయింటు కూడా కదిలించలేదు. మూత్రం మాత్రం రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది.

పరిశోధకులు మెల్డ్ లోట్లను పట్టించుకున్నారు. అమెరికాలో 2016లో ఈ లెక్కకు రక్తంలోని సోడియం కలిపారు. 2023లో అమల్లోకి వచ్చిన మెల్డ్ 3.0లో లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చేర్చి, మామూలుగా కండ తక్కువుండే ఆడవాళ్లకు 1.33 పాయింట్లు అదనంగా ఇచ్చారు. మంచిదే. కానీ క్రియాటినిన్ కింది హద్దు ఇప్పటికీ 1 దగ్గరే ఉంది. మన దేశంలో బతికుండగా లివర్ ముక్క ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది భార్యలూ తల్లులూ. పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఇవ్వడానికి ముందుండే ఆడమనిషి, తనకు జబ్బు చేసినప్పుడు లెక్కలోనూ వెనకపడటం నాకు మింగుడుపడదు.

మన కాలేజీలో గ్యాస్ట్రో డి.ఎం. (జీర్ణకోశ వ్యాధుల పైచదువు) చేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. కేసుషీటులో ఈరోజు క్రియాటినిన్ పక్కన పాతది కూడా రాయండి. దాని పక్కనే టేపుతో కొలిచి భుజం చుట్టుకొలత రాయండి. నీరు పట్టిన మనిషి బరువును నమ్మడానికి లేదు, భుజాన్ని నమ్మొచ్చు. కొన్నేళ్ల రికార్డులు పోగైతే ఉత్తరాంధ్ర ఆడవాళ్లకు సరిపడే లెక్క మనమే కట్టొచ్చు. మెల్డ్ కూడా పేషెంట్ల రికార్డుల నుంచే పుట్టింది. లెక్కల పనికి నేను సిద్ధం. ఈ సంచిక కమిటీ ద్వారా కబురు పెట్టండి.