గిన్నె పట్టుకోవడానికి కాగితం: ఎపిస్కోపల్ పారిష్‌లో నా అనుభవం

బిషప్పుగారి సంతకంతో యూకరిస్టిక్ మినిస్టర్ (ఆరాధనలో ద్రాక్షారసపు గిన్నె అందించే సేవకుల) లైసెన్సు పోయిన వారమే నా చేతికి వచ్చింది కనుక, సంతోషమూ కోపమూ రెండూ చల్లారకముందే ఇది రాస్తున్నాను. తెలంగాణలోనో ఆంధ్రలోనో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పెరిగి, అమెరికా వచ్చాక దగ్గర్లో తెలుగు ఆరాధన లేక ఇంగ్లండు సంఘపు (ఆంగ్లికన్) సంప్రదాయానికి చెందిన ఎపిస్కోపల్ చర్చిలో చేరినవారికి ఇది పనికి రావచ్చు.

మాది తూర్పు తీరంలో ఒక మధ్యరకం పారిష్ (స్థానిక సంఘం). గురువులు, ఆర్గనిస్టు, ఆఫీసు ఉద్యోగి తప్ప జీతం తీసుకునేవారు లేరు. పాఠాలు చదవడం, సిలువ మోయడం, గుమ్మం దగ్గర ఆహ్వానించడం, చావు జరిగిన ఇంటికి వంట చేసి పంపడం, పేదలకు సరుకులు పంచడం, ఆరాధన తర్వాత కాఫీ కాచడం, అన్నీ సంఘస్థులే చేస్తారు. ఆస్తిపాస్తులూ జమాఖర్చులూ చూసే వెస్ట్రీని కూడా సర్వసభ్య సమావేశంలో ఓట్లేసి ఎన్నుకుంటారు. వీటిలో చాలా పనులకు పేరిస్తే చాలు. ప్రభు భోజన సంస్కారం వేళ ద్రాక్షారసపు గిన్నె అందించడానికీ, మంచాన పడ్డవారి ఇళ్ళకు సంస్కారం తీసుకువెళ్ళడానికీ మాత్రం గురువుగారు సిఫారసు చేయాలి, బిషప్పుగారు లైసెన్సు ఇవ్వాలి. నేను ఈ రెండింటికీ దరఖాస్తు పెట్టాను.

అంతకుముందు ఆల్టర్ గిల్డ్‌లో చేరినప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. శనివారం ఉదయం వెళ్ళి బల్ల సిద్ధం చేయడం, ఆ కాలానికి తగిన రంగు వస్త్రం పరచడం, గిన్నె తుడిచే చిన్న గుడ్డలను ఉతికి ఇస్త్రీ చేయడం మా పని. ఆ గుడ్డలను మొదట జాడించిన నీళ్ళను మామూలు సింకులో పోయకూడదు; మురుగులో కలవకుండా గొట్టం నేరుగా మట్టిలోకి దిగే ప్రత్యేకమైన సింకు ఒకటి ఉంటుంది, అందులో పోయాలి. ఆ గుడ్డను అడ్డంగా మూడు, నిలువుగా మూడు మడతలు పెడితే తొమ్మిది గడులు సమంగా రావాలి. మా గిల్డ్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నవారికంటే నా మడతలే బాగుంటాయని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

లైసెన్సుకు కావలసిన వాటిలో పిల్లల రక్షణ గురించిన శిక్షణ కంప్యూటర్ ముందు కూర్చుంటే పూర్తయింది. నేరచరిత్ర తనిఖీ దానంతట అదే జరిగిపోయింది. గిన్నె ఎలా వంచాలో, ఒక్కొక్కరి తర్వాత అంచు తుడిచి ఎలా తిప్పాలో ఒక మధ్యాహ్నంలో నేర్పారు.

అంతా ఆగిపోయింది కన్ఫర్మేషన్ (బాప్తిస్మం పొందినవారిని బిషప్పు తల మీద చేతులుంచి విశ్వాసంలో స్థిరపరచే ఆచారం) దగ్గర.

ఎప్పుడు, ఎక్కడ, ఏ బిషప్పు చేతుల మీదుగా కన్ఫర్మేషన్ పొందారో రాయమని ఫారంలో ఉంది. రాశాను. ఆ తర్వాతి ఆదివారం పారిష్ హాల్లో, అందరూ కాఫీ తాగుతూ నిలబడి ఉండగా, స్వచ్ఛంద సేవలను చూసే కోఆర్డినేటర్ నా ఫారం చేత పట్టుకుని వచ్చి, సి.ఎస్.ఐ. అంటే ఏమిటి, పెంతెకొస్తు వాళ్ళా, అక్కడ బాప్తిస్మం ఏ పేరున ఇస్తారు అని గట్టిగా అడిగింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి ఒకే సంఘమైన చరిత్రనూ, అంతకు ఎంతో ముందే, 1912లో, మా దోర్నకల్‌కు అజరయ్యగారు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా వచ్చిన సంగతినీ ఓపికగా చెప్పాను. ఆమె అంతా విని, "అయితే మీరు సగం ఆంగ్లికన్ అన్నమాట" అంది. పక్కనున్నవారు నవ్వారు. చెడ్డ మనసుతో నవ్వారని అనను. కానీ వారానికి ఒకసారి వాళ్ళ బల్లగుడ్డలు ఉతుకుతున్న మనిషిని పట్టుకుని బాప్తిస్మం సరిగ్గా అయిందా అని నలుగురిలో అడగవచ్చునా?

మా రెక్టర్‌గారు (పారిష్ ప్రధాన గురువు) అప్పుడు సబాటికల్ అనే దీర్ఘ సెలవులో ఉన్నారు. ఆమె స్థానంలో ఆదివారాలు వచ్చే వృద్ధ గురువుగారు సంతకానికి వెనకాడి, రెక్టర్ తిరిగి వచ్చాక చూద్దామన్నారు. ఆయన సందేహానికి పాత చరిత్ర లేకపోలేదు. ప్రపంచంలోని ఆంగ్లికన్ బిషప్పులు కలిసే లాంబెత్ సమావేశంలో, 1948లో, సి.ఎస్.ఐ. బిషప్పుల, గురువుల అభిషేకాల విషయంలో వారికి ఏకాభిప్రాయం కుదరలేదు. అయితే సి.ఎస్.ఐ. ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో (ప్రపంచ ఆంగ్లికన్ సంఘాల కూటమిలో) సభ్య సంఘమై ఎంతో కాలమైంది. ఆ సంగతి ఆయన దాకా రాలేదనుకోవాలా?

ఈలోగా కోఆర్డినేటర్ తనకు తోచిన పరిష్కారం చెప్పింది. వసంతంలో బిషప్పు వస్తున్నారు, పిల్లల కన్ఫర్మేషన్ క్లాసులో కూర్చుంటే వాళ్ళతో పాటు నాకూ అయిపోతుందట. రెండోసారి కన్ఫర్మేషన్ ఏమిటని అడిగితే, నష్టం ఏముంది అంది. గొడవ ఎందుకని వెళ్ళాను. పదమూడేళ్ళ పిల్లల మధ్య, వాళ్ళకు సరిపోయే కుర్చీలో కూర్చోబెట్టి, సంఘ సంవత్సరపు చక్రం అచ్చేసిన కాగితం ఒకటీ రంగు పెన్సిళ్ళూ ఇచ్చారు. శ్రమల కాలానికి ఊదా రంగు వేయమన్నారు. అసలు ఊదా వస్త్రాన్ని ఆ ముందు రోజే ఇస్త్రీ చేసి బల్ల మీద పరిచింది నేను. పక్కనున్న కుర్రవాడు, మీరు ఎవరి అమ్మమ్మ అని మర్యాదగానే అడిగాడు. విశ్వాస ప్రమాణాన్ని పలకడం రాక పిల్లలు తడబడుతుంటే, చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చి ఇక ఆ క్లాసుకు రానని ఉత్తరం రాసి పంపాను.

అప్పుడు కన్ఫర్మేషన్ సర్టిఫికెట్ కోసం ఇంటి వైపు పట్టుబట్టవలసి వచ్చింది, అక్కడ మరో తంతు. మా తమ్ముడు ఊళ్ళో పాస్టరేట్ (సంఘ) ఆఫీసుకు వెళ్ళి, అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు ఊరు విడిచిన ఏడాది నుంచి సంఘ చందా బాకీ ఉందట. అది కడితేగానీ రిజిస్టర్ తియ్యరట." ఇన్నేళ్ళుగా నేనిక్కడ వేరే సంఘానికి కానుక ఇస్తున్నానని చెప్పమంటే, గుమాస్తాగారు అది వాళ్ళ లెక్క, ఇది మన లెక్క అన్నారట. బాకీ కట్టించాను, రసీదు కూడా తెప్పించుకున్నాను. తీరా సర్టిఫికెట్ వస్తే అందులో నా పేరూ, మా నాన్నగారి పేరూ తప్ప ఇంటిపేరు లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంది. ఇద్దరూ ఒకరే అని ఇక్కడివారికి ఎలా నమ్మకం? మళ్ళీ తమ్ముణ్ణి పంపి, రెండు పేర్లూ ఒకే మనిషివని గురువుగారి చేత లెటర్‌హెడ్ మీద రాయించి, ముద్ర వేయించవలసి వచ్చింది. వింత ఏమిటంటే, సేవ చేయడానికి అర్హత ఉందో లేదో ఇంకా తేలకముందే ఈ ఏడాది ఎంత కానుక ఇస్తారో రాయమని ఇక్కడి నుంచి ప్లెడ్జ్ కార్డు మాత్రం సకాలంలో వచ్చింది. దశమభాగం విషయంలో రెండు దేశాల సంఘాలూ ఒకే విశ్వాసంలో ఉన్నాయి.

రెక్టర్‌గారు సెలవు నుంచి తిరిగి వచ్చిన వారమే వెళ్ళి కలిశాను. ఆమె నా కాగితాలు చూడకముందే ఎపిస్కోపల్ చర్చి కానన్ల (సంఘ నియమాల) పుస్తకం తీశారు. మొదటి భాగం, 17వ కానన్. ఒక పారిష్ నుంచి మరో పారిష్‌కు సభ్యత్వ బదిలీ పత్రం తెచ్చుకునే పద్ధతి అందులో ఉంది. ఈ సంఘంతో సహవాసంలో ఉన్న ఏ సంఘపు సభ్యులకైనా ఆ పద్ధతే వర్తిస్తుందని అక్కడే స్పష్టంగా రాసి ఉంది. నన్ను కొత్తగా చేర్చుకోవలసిన పని లేదు, మళ్ళీ కన్ఫర్మేషన్ అక్కర్లేదు. నా సర్టిఫికెట్ ప్రతి జతచేసి ఆ మధ్యాహ్నమే డయోసిస్ (బిషప్పుగారి) ఆఫీసుకు పంపారు. ఇన్ని నెలలు ఇంతమంది పెద్దలు ఆ పుస్తకం తెరవలేదు.

కాబట్టి నా సలహా: ఇండియా వెళ్ళినప్పుడే బాప్తిస్మం, కన్ఫర్మేషన్ సర్టిఫికెట్లూ బదిలీ పత్రమూ తెచ్చుకోండి, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయించండి, చందా బాకీ ముందే తీర్చండి. ఇక్కడ హాల్లో నిలబడి ఎవరికీ ఏమీ వివరించకండి. రెక్టర్‌కు రాతపూర్వకంగా, కానన్ సంఖ్యతో సహా రాయండి. వాలంటీర్ కోఆర్డినేటర్లు మంచివారే కావచ్చు, కానీ వారికి తెలియనిదంతా ప్రపంచంలో లేనట్టే మాట్లాడతారు.

ఇప్పుడు ఆదివారం గిన్నె అందిస్తున్నాను. ఆరాధన ముగియగానే చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షారసం తీసుకుని ఇల్లు కదలలేని ఇద్దరు ముసలివారి దగ్గరికి వెళ్తున్నాను. దరఖాస్తు ఫారంలో సహవాస సంఘాల నుంచి వచ్చేవారి కోసం ఒక వరుస చేర్చమని వెస్ట్రీకి ఉత్తరం ఇచ్చాను. వచ్చే నెల సమావేశంలో చర్చకు పెడతామన్నారు. ఆ సమావేశానికి నేనూ వెళ్ళి వెనుక వరుసలో కూర్చుంటానని కోఆర్డినేటర్‌కు ముందుగానే చెప్పి ఉంచాను.